గుండెపోటుకు నానో వైద్యం: పూర్వ విద్యార్థుల నిధి దానికివ్వాలా, ఈసీజీ మిషనుకివ్వాలా?

గౌతమిపాయ | ఆదివారం రాత్రి 9.10

అందరికీ నమస్కారం. మన కాలేజీ పూర్వ విద్యార్థుల నిధిలో పన్నెండు లక్షలు పోగయ్యాయి, గుండె జబ్బుల మీద ఏదైనా చేద్దాం అని కమిటీవాళ్ళు పోయిన వారం ఇక్కడే రాశారు. రెండు ప్రతిపాదనలు వచ్చాయి. ఒకటి, గోదావరి లంక ఊళ్ళ వైపున్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అంటే పీహెచ్‌సీకి ఈసీజీ మిషను, గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీసే ఆ ఈసీజీని ఫోన్లో పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు. రెండోది నాది. గుండెపోటును కనిపెట్టే, వైద్యం చేసే నానో కణాల (కంటికి కనబడనంత సన్నటి రేణువుల) మీద పరిశోధన చేస్తున్న మన ప్రాంతపు పిల్లలిద్దరికి మూడేళ్ళపాటు స్కాలర్‌షిప్. నేను హైదరాబాద్‌లో నానో పదార్థాల మీదే పీహెచ్‌డీ చేస్తున్నాను. నాకు పక్షపాతం ఉందనుకుంటే అనుకోండి, కానీ చదివి మాట్లాడండి.

గుండె కండరానికి రక్తం తీసుకెళ్ళే ధమనిలో గడ్డ అడ్డుపడితే ఆ కండరం చచ్చిపోవడం మొదలవుతుంది. గడ్డను కరిగించడానికి ఇప్పుడిచ్చే టెనెక్టెప్లేజ్ లాంటి ఇంజెక్షన్ నరంలోకి ఎక్కాక ఒళ్ళంతా తిరుగుతుంది. అందుకే సుమారు నూటికి ఒకరికి మెదడులో రక్తస్రావం అవుతుంది. అదే మందును నానో కణాలకు అంటించి, అడ్డు ఉన్నచోటే వదిలేలా చేయగలిగితే తక్కువ మోతాదు సరిపోతుంది. 2012లో హార్వర్డ్‌లోని వీస్ ఇన్‌స్టిట్యూట్‌లో డోనాల్డ్ ఇంగ్బర్ బృందం ఇది చేసి చూపించింది. రక్తనాళం ఇరుకైన చోట రక్తం ఒరుసుకుంటూ పోతుంది కదా. ఆ ఒరిపిడికి కణాల ఉండ విడిపోయి, మందున్న నానో కణాలు అక్కడి గడ్డకు అతుక్కుంటాయి. మామూలు మోతాదులో చాలా చిన్న వంతుతోనే గడ్డ కరిగింది.

2014లో నార్త్‌వెస్టర్న్, సిడ్నీ విశ్వవిద్యాలయాలవాళ్ళు ఇంకో దారి పట్టారు. గుండెపోటు వచ్చాక వాపు తెచ్చే తెల్ల రక్తకణాలు గుండె మీదికి ఎగబడి ఇంకా నష్టం చేస్తాయి. వీళ్ళు ఎక్కించిన సన్నటి రేణువులను ఆ తెల్ల రక్తకణాలు మింగేసి, గుండెకు బదులు ప్లీహంలోకి పోయాయి. గుండె మీద మచ్చ చిన్నదైంది. ఇక ఎడిన్‌బరోలో గుండెపోటు వచ్చిన మనుషులకే ఐరన్ ఆక్సైడ్ నానో కణాలు ఎక్కించి, ఎమ్మారైలో గుండె ఎక్కడ వాచిందో చూశారు.

పీహెచ్‌సీకి మిషను ఇవ్వడం ప్రభుత్వం పని. పరిశోధనకు పిల్లల్ని పంపడం మన పని. ఇదీ నా మాట.

పులసప్రియుడు | రాత్రి 9.22

నానో కారు పోయింది, నానో యూరియా వచ్చింది, ఇప్పుడు నానో గుండె. ఆయ్.

లంకరైతు | రాత్రి 9.41

బాబూ, నువ్వు చదువుకున్నవాడివి, కాదనను. కానీ నానో అనే మాట మా ముందు ఎత్తకు. మొన్న దాళ్వాకి యూరియా కోసం కొట్టుకెళ్తే బస్తాతోపాటు నానో యూరియా సీసా తీసుకుంటేనే బస్తా ఇస్తానన్నాడు షాపువాడు. అర లీటరు సీసా ఒక బస్తాతో సమానమన్నారు. సరే అని పిచికారీ చేశాం. చేను ఎర్రబారిపోతే మళ్ళీ బస్తా కోసం లైన్లో నిలబడ్డాం. ఆ సీసాలు ఇంకా మా పాకలో ఉన్నాయి, కావాలంటే వచ్చి పట్టుకుపో.

ఇక నువ్వు రాసినదాంట్లో ఒకే ఒక్క ప్రశ్న. హార్వర్డ్‌వాళ్ళు గడ్డ కరిగించారన్నావు. ఎవరి గడ్డ? మనిషిదా, ఎలకదా?

గౌతమిపాయ | రాత్రి 9.58

లంకరైతుగారూ, ఎరువుకీ మందుకీ పోలికేంటండీ? మందు మనిషికి ఇవ్వాలంటే జంతువుల మీద, తర్వాత కొద్దిమంది మీద, తర్వాత ఇంకా ఎక్కువమంది మీద పరీక్ష నెగ్గాలి. అలా నెగ్గిన నానో మందులు ఉన్నాయి కూడా. కొవ్వు బుడగలో పెట్టిన డాక్సోరుబిసిన్ అనే కేన్సర్ మందుకి 1995లోనే అమెరికాలో అనుమతి వచ్చింది. 2018లో పాటిసిరాన్ అని నరాల జబ్బుకి కొవ్వు నానో కణాల మందు వచ్చింది. ఇవి కాగితం మీది కథలు కావు, ఆసుపత్రుల్లో వాడుతున్నవి.

లంకరైతు | రాత్రి 10.03

మనిషిదా, ఎలకదా?

నిజంచెప్తా | రాత్రి 10.11

ఎవరూ అసలు సంగతి మాట్లాడట్లేదు. కరోనా టీకాల్లో నానో కణాలే పెట్టారు. అప్పట్నుంచే కుర్రాళ్ళు జిమ్ముల్లో, డాన్సులేస్తూ పడిపోతున్నారు. రోగం తెచ్చిందీ వాళ్ళే, మందమ్మేదీ వాళ్ళే.

విశ్రాంతడాక్టరు | రాత్రి 10.30

మన ఊళ్ళలో నూటికి తొంభై మందికి పైగా వేసుకున్నవి కోవిషీల్డ్, కోవాగ్జిన్. ఆ రెండింటిలోనూ కొవ్వు నానో కణాలు లేవు. అవి ఉన్నది ఫైజర్, మోడెర్నా లాంటి ఎంఆర్ఎన్ఏ టీకాల్లో. వాటివల్ల కుర్రాళ్ళలో అరుదుగా గుండె కండరం వాచడం జరిగిందని ఒప్పుకున్నారు, దాచలేదు. ఇక మన దేశంలో 18 నుంచి 45 ఏళ్ళ లోపు ఆకస్మిక మరణాల మీద భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2023లో అధ్యయనం ప్రచురించింది. టీకా వల్ల ఆ ముప్పు పెరగలేదని తేలింది. కుటుంబంలో అలాంటి చావులుండటం, చావుకు ముందు విపరీతంగా మద్యం తాగడం, ఒళ్ళు తెలియకుండా వ్యాయామం చేయడం లాంటివి కనిపించాయి.

మోడరేటర్ | రాత్రి 10.34

టీకా చర్చకు వేరే దారం (థ్రెడ్) ఉంది. ఇక్కడ నిధి గురించి మాత్రమే.

గౌతమిపాయ | రాత్రి 10.47

సరే లంకరైతుగారూ. ఎలకదే. ప్రతి మందూ ఎలుక దగ్గరే మొదలవుతుంది. మన గోదావరికి ఆనకట్ట కట్టాలని కాటన్ దొర 1844లో నివేదిక రాస్తే, ఆ డబ్బుతో ఆ సంవత్సరానికి గంజి కేంద్రాలు పెడితే చాలు అనేవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ మాట విని ఉంటే ఇవాళ డెల్టాయే లేదు.

లంకరైతు | రాత్రి 10.59

కాటన్ దొర 1847లో పని మొదలెట్టి 1852కల్లా నీళ్ళు వదిలాడు బాబూ. అయిదేళ్ళు. నీ ఎలక 2012 నుంచి ఇప్పటిదాకా ఎలకే.

పూతరేకు | రాత్రి 11.01

😂😂 దొరకి కూడా లైకులు పడుతున్నాయి

విశ్రాంతడాక్టరు | రాత్రి 11.15

ఇంకో మాట. 2012 నాటి ఆ ఎలుకల్లో గడ్డ ప్రధానంగా ఊపిరితిత్తుల రక్తనాళాల్లోది. గుండె ధమనిలోది కాదు. గుండెలో ఈ పద్ధతి మీద ఆశ ఉంది, అంతే. నరంలోకి ఎక్కించిన నానో కణాల్లో అధిక భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. గుండెదాకా చేరేది తక్కువ. ఎడిన్‌బరో ఎమ్మారై పని నిజంగా బాగుంది. కానీ అది గుండెపోటు వచ్చిన కొన్ని రోజులకు, తాపీగా చేసే పరీక్ష. ఆ జాతి కణాలే ఉన్న ఫెరుమాక్సిటాల్ అనే ఐరన్ మందుకు, ప్రాణం మీదికొచ్చే అలర్జీల వల్ల 2015లో అమెరికాలో గట్టి హెచ్చరిక వేశారు. పరిశోధన వద్దని నేను చెప్పడం లేదు. ఈ దారం చదివి ఎవరైనా "నానో ఇంజెక్షన్ ఎక్కడ వేస్తారండీ" అని కాకినాడ బయల్దేరతారేమోనని నా భయం.

రక్తపుచుక్క | సోమవారం ఉదయం 6.40

నైట్ డ్యూటీ దిగి ఇప్పుడే చూశాను. నేను ల్యాబ్ టెక్నీషియన్ని, పదహారేళ్ళుగా ఇదే పని. మీరందరూ నానో వస్తుందా రాదా అని కొట్టుకుంటున్నారు. అది వచ్చేసి చాలా కాలమైంది.

ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ళకి వేలు పొడిచో, నరం నుంచి తీసో మూడు చుక్కలు వేసే ట్రోపోనిన్ కార్డు చూశారా? ప్రెగ్నెన్సీ కార్డులాగే ఉంటుంది. కండరం చచ్చినప్పుడు గుండెలోంచి ట్రోపోనిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి వస్తుంది. కార్డు మీద "సి" దగ్గర ఒక గీత, "టి" దగ్గర ఒక గీత. రెండూ ఎర్రబడితే గుండె కండరం దెబ్బతిన్నట్టు. ఆ ఎరుపు రంగు ఏదో సిరా అనుకుంటారు. చాలా కార్డుల్లో అది బంగారపు నానో కణాలు. బంగారం అంత సన్నగా అయితే పసుపు పోయి ఎర్రగా కనబడుతుంది. మీ మండలంలోని చిన్న ల్యాబుల్లో కూడా ఉంటుంది ఆ కార్డు.

పూతరేకు | ఉదయం 6.52

బంగారమా? మరి వాడేసిన కార్డులు ఏం చేస్తారండీ మీరు 👀

రక్తపుచుక్క | ఉదయం 6.55

ఆసుపత్రి చెత్త వేసే సంచిలో పడేస్తాం. వెయ్యి కార్డులు పోగేసినా ముక్కుపుడకకి రాదు.

గౌతమిపాయ | ఉదయం 8.05

థాంక్యూ అక్కా! ఇదే నేను చెప్పాలనుకున్నది. నానో అంటే ఎక్కడో అమెరికాలో ఎలుకల మీద అంటున్నారు. మీ పక్కింటాయన ప్రాణం మీద దాన్ని ఇప్పటికే వాడుతున్నారు. అది ఎప్పుడో ఎవరో ల్యాబులో కూర్చుని, స్కాలర్‌షిప్ మీద చేసిన పనే కదా.

లంకరైతు | ఉదయం 8.31

ఓహో. అయితే మా బావని చంపింది మీ నానోయేనన్నమాట.

మా చెల్లెలి మొగుడు. యాభై నాలుగేళ్ళు. కొబ్బరి దింపులు చూసుకుని వచ్చి, రాత్రి ఎనిమిదింటికి అన్నం తిన్నాడు. తిన్న కాసేపటికి ఛాతీ మీద బరువు పెట్టినట్టుందన్నాడు. చెమటలు పట్టేశాయి. ఆర్ఎంపీ వచ్చి గ్యాస్ ఇంజెక్షన్ చేశాడు. తగ్గకపోతే బండి మీద కూర్చోబెట్టుకుని పక్క ఊళ్ళో ఒక చోటికి తీసుకెళ్ళాం. పేరు ఇక్కడ రాయను. ఈసీజీ తీయమంటే పేపరు రోలు అయిపోయిందన్నాడు. ఈ కార్డే వేశాడు. పావుగంట చూసి "ఒక గీతేనండి, నెగెటివ్, గుండె కాదు" అన్నాడు. ఇంటికొచ్చేశాం. తెల్లారుజామున మూడింటికి పోయాడు.

బంగారు గీత అట.

రక్తపుచుక్క | ఉదయం 8.50

అన్నయ్యగారూ, చాలా బాధగా ఉంది. కానీ కార్డు మీద పడటం న్యాయం కాదు. నొప్పి మొదలై ఎంతసేపటికి కార్డు వేశారు?

లంకరైతు | ఉదయం 8.58

గంట, గంటన్నర అయ్యుంటుంది. అంటే ఏంటి, ఆలస్యంగా తీసుకెళ్ళాల్సిందా?

రక్తపుచుక్క | ఉదయం 9.20

కాదండీ. ఆ టైముకి కార్డు వేసినా ఉపయోగం లేదు. కండరం చచ్చాకే ట్రోపోనిన్ బయటికొస్తుంది. ఈ కార్డుకి అందేంత పెరగడానికి మూడు నుంచి ఆరు గంటలు పట్టొచ్చు. మొదటి గంటలో ఒక గీత వస్తే "ఇంకా తెలీదు" అని అర్థం, "గుండె కాదు" అని కాదు. మూడు నుంచి ఆరు గంటల తర్వాత మళ్ళీ వేయాలి, ఈలోగా మనిషిని కదలనివ్వకూడదు. అసలు ముందు తీయాల్సింది ఈసీజీ. పెద్ద గుండెపోటైతే అందులో గీత లేచి కనబడుతుంది, అప్పుడు కార్డుతో పనే లేదు. ఈ ముక్క మా జిల్లాలో కార్డు వేసే అందరికీ తెలుసా అంటే, తెలీదు. నాకు కోపం వచ్చేది అక్కడ.

విశ్రాంతడాక్టరు | ఉదయం 9.45

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. మనిషి గడప దాటిన పది నిమిషాల్లో ఈసీజీ ఉండాలని నియమం. అందులో తేలితే, రెండు గంటల్లోపు స్టెంట్ వేసే చోటికి చేర్చలేమనుకుంటే, అక్కడికక్కడే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చి అప్పుడు పంపాలి. లంకల్లోంచి పంటు మీద ఏరు దాటి, వంతెన ఎక్కి కాకినాడో రాజమండ్రో చేరేసరికి రెండు గంటలు దాటే ఊళ్ళు మనకి చాలా ఉన్నాయి. ఆ ఇంజెక్షన్ బయట కొంటే వేలల్లో ఉంటుంది. ఇప్పుడు ప్రభుత్వ ఏరియా ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఈసీజీ లేకుండా మాత్రం ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు.

1988లో ఐసిస్-2 అని పదిహేడు వేలమంది గుండెపోటు రోగుల మీద పరీక్ష జరిగింది. నెలపాటు రోజుకొకటి ఇచ్చిన ఆస్పిరిన్ బిళ్ళ చావుల్ని దాదాపు నాలుగో వంతు తగ్గించింది. చాలా చవక మందు. అది తెలియని ఊరు ఇంకా ఉంది.

పులసప్రియుడు | ఉదయం 9.51

మా నాన్న జేబులో గుండె నొప్పికి వేసుకునే సార్బిట్రేట్ బిళ్ళ ఎప్పుడూ ఉంటుంది. నాలిక కింద పెట్టేసుకుంటే సరి.

విశ్రాంతడాక్టరు | ఉదయం 9.58

వద్దు. బీపీ పడిపోయినవాళ్ళకి అది పెడితే అక్కడే కూలబడతారు. ఆయనకి ఆయన డాక్టరు రాసి ఉంటే ఆయన వరకే. ఆస్పిరిన్ కూడా అంతే. అల్సర్, రక్తస్రావం, అలర్జీ ఉన్నవాళ్ళు అడగకుండా వేసుకోకూడదు. 108కి ఫోన్ చేస్తూనే అడగండి.

లంకరైతు | ఉదయం 10.10

విన్నారా అందరూ? ఈసీజీ. నేను మొదట్నుంచీ చెబుతున్నది అదే. ముప్పై నలభై వేల మిషను. పన్నెండు లక్షలకి మండలం మొత్తానికి వస్తాయి. ఇక ఓటింగెందుకు?

డాలస్‌గోదారోడు | రాత్రి 8.15

ఇప్పుడే దారం మొత్తం చదివాను. నిధిలో ఎక్కువ భాగం మా బ్యాచ్‌వాళ్ళది కాబట్టి ఒక మాట. లంకరైతుగారూ, మీ బావగారి విషయం విని బాధపడ్డాను. కానీ 2019లో మేమిచ్చిన ఈసీజీ మిషను ఏమైంది? శాలువాలు కప్పారు, ఫోటోలు తీశారు, పేపర్లో వేశారు. ఇప్పుడెక్కడుంది? ఎవరైనా చెప్తారా?

ఏరియేటర్ | రాత్రి 8.40

నేను చెప్తా. చెరువు కాపలాకి పోతూ నెలనెలా బీపీ చూపించుకోడానికి అక్కడికెళ్తాను. బీరువా మీద ఉంది, పైన పువ్వుల గుడ్డ కప్పి. సిస్టర్‌ని అడిగితే "పేపరు రోలు లేదు, ఇండెంట్ పెట్టాం, రాలేదు" అంది. ఛాతీకి పెట్టే రబ్బరు బుడ్డీల్లో రెండు పగిలిపోయాయి.

డాలస్‌గోదారోడు | రాత్రి 8.44

అదీ సంగతి. రోలు కొనలేని చోట మిషన్లు ఇంకో ఇరవై ఇస్తే బీరువాలే కావాలి. అందుకే నేను స్కాలర్‌షిప్‌కి ఓటు. కనీసం ఒక పిల్లాడు పైకొస్తాడు.

లంకరైతు | రాత్రి 9.02

పైకొచ్చి? మీలాగా డాలస్ వస్తాడు.

మిషను ఇచ్చారు, సంతోషం. రోలు ఎవరు కొంటారో అడిగారా? ఎవరికి నేర్పించారు? కమిటీలో ఏడుగురుంటే ఊళ్ళో ఉండేవాడు ఒక్కడున్నాడా? మీరు వచ్చేది సంక్రాంతికి. కోడిపందేలు చూసి, మిషను ముందు ఫోటో దిగి పోతారు. గుండెపోటు సంక్రాంతికి రాదు బాబూ.

డాలస్‌గోదారోడు | రాత్రి 9.10

మాటలు మర్యాదగా రానివ్వండి. నా జేబులో డబ్బు తీసి ఇచ్చి తిట్లు తినాలా? మీ ఆర్ఎంపీ గ్యాస్ ఇంజెక్షన్ చేసినప్పుడు మీరంతా అక్కడే ఉన్నారు కదా. ఆ రాత్రే పెద్దాసుపత్రికి ఎందుకు తీసుకెళ్ళలేదు? అది కూడా మా తప్పేనా?

మోడరేటర్ | రాత్రి 9.12

ఇద్దరూ కాస్త తగ్గండి.

రక్తపుచుక్క | రాత్రి 9.30

నేనొకటి అడుగుతాను, కోప్పడకండి అన్నయ్యగారూ. ఇంటికొచ్చేశాం అన్నారు. మీ చెల్లెలు ఏమంది ఆ రాత్రి? మా దగ్గరికి వచ్చే కేసుల్లో చూస్తుంటాను. "ఇది గ్యాస్ కాదు" అని మొదట అనేది ఇంట్లో ఆడవాళ్ళే. ఆ మాట ఎవరూ ఖాతరు చేయరు. ఇక ఆడవాళ్ళకే నొప్పొస్తే మరీ ఘోరం. ఛాతీ నొప్పే లేకుండా దవడ లాగేసి, ఆయాసం, వాంతి వస్తుంది. షుగర్ ఉంటే అదీ తెలీదు. వంట ముగించి వస్తారు.

లంకరైతు | రాత్రి 10.05

మా చెల్లి వెళ్దామంది. పదకొండింటికి మళ్ళీ చెమటలు పడితే కారు పిలవమంది. నేను బట్టలు కూడా వేసుకున్నాను.

మా మేనల్లుడు బెంగుళూరులో ఉంటాడు. వాడికి ఫోన్ చేశాం. వాడు రిపోర్టు ఫోటో పెట్టమన్నాడు. పెట్టాం. ఎవరో ఫ్రెండుని అడిగాడట. "ట్రోపోనిన్ నెగెటివ్ మామయ్యా, ఇంత రాత్రి పంటు కూడా ఉండదు, పొద్దున్నే నేను ఆన్‌లైన్‌లో కార్డియాలజిస్టు అపాయింట్‌మెంట్ తీస్తాను" అన్నాడు. డబ్బు పంపేది వాడు. ఇన్సూరెన్సు కట్టేది వాడు. వాడు వద్దన్నాక మా చెల్లి నోరెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇప్పుడర్థమైందా డాలస్ బాబూ నాకు ఎక్కడ మండుతోందో? మిషను కాదు, నానో కాదు. ఇక్కడ మనిషి చెమటలు కక్కుతుంటే, వెళ్ళాలా వద్దా అని అక్కడెక్కడో ఏసీ గదిలో తేలుస్తున్నారు. ఈ నిధి కూడా అట్టాగే తేలుస్తున్నారు.

కువైట్‌చెల్లి | రాత్రి 10.20

అన్నా, నేను కువైట్‌లో ఇళ్ళలో పని చేస్తాను. మాకూ ఫోన్ వస్తుంది అర్ధరాత్రి. తీసుకెళ్ళండి అనే చెప్తాం, డబ్బు తర్వాత చూద్దాం అంటాం. అందరినీ ఒకే గాటన కట్టొద్దు.

డాలస్‌గోదారోడు | రాత్రి 10.41

మీ మేనల్లుడి పక్షాన మాట్లాడట్లేదు. కానీ ఆ కుర్రాడు చేతిలో ఉన్న కాగితం చూసి చెప్పాడు. కాగితం తప్పు చెప్పింది. దగ్గరున్నవాళ్ళకి మనిషి కనబడుతున్నాడు, అయినా ఫోన్ చేసి పర్మిషన్ అడిగారు. మేము అడగమన్నామా? నాకు తెల్లారి మూడింటికి ఫోన్లొస్తాయి, "ఏం చెయ్యమంటావురా" అని. పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల నేనేం చెప్పగలను? వద్దంటే చంపినవాడిని, వెళ్ళమంటే అప్పు చేయించినవాడిని.

విశ్రాంతడాక్టరు | రాత్రి 10.58

ఈ తగువు ముప్పై ఏళ్ళుగా నా టేబుల్ ముందు జరుగుతోంది. ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది. బాగయ్యాక కూడా బంధువులు దీనిమీద మాట్లాడుకోరు, పోయాక మాట్లాడుకుంటారు.

గౌతమిపాయ | రాత్రి 11.20

నేను పొద్దుట్నుంచి ఊరుకున్నాను. లంకరైతుగారూ, మీ బావగారి విషయంలో నన్ను ఓడించాననుకుంటున్నారు. నాకు అదే నా వాదన అనిపిస్తోంది. ఆ కార్డు మొదటి గంటలోనే ట్రోపోనిన్‌ని పట్టుకోగలిగి ఉంటే? పెద్ద ఆసుపత్రుల్లో హై సెన్సిటివిటీ ట్రోపోనిన్ పరీక్ష ఉంది. కార్డుకి అందనంత తక్కువ ఉన్నా చూపిస్తుంది, గంట తేడాతో రెండుసార్లు చేసి తేల్చేస్తారు. కానీ దానికి పెద్ద మిషను, ఏసీ గది కావాలి. ఆ పనిని పంటు రేవు దగ్గర, వేలు పొడిచి చేసే చిన్న కార్డులోకి దించాలంటే నానో కణాలే దారి. నా స్నేహితులు చేస్తున్నది ఆ పనే. గడ్డ కరిగించే కణాల మాట పక్కన పెడదాం, అది దూరం. కార్డు దూరం కాదు. ఇద్దరికి బదులు ఒక్కరికివ్వండి, ఆ పని మీద ఉన్నవాళ్ళకే ఇవ్వండి.

లంకరైతు | రాత్రి 11.31

ఈసీజీ తీసుంటే నీ కార్డు అక్కర్లేదు.

విశ్రాంతడాక్టరు | రాత్రి 11.44

అలా కూడా కాదండీ. గుండెపోట్లలో చాలావాటికి ఈసీజీ మొదట్లో మామూలుగానో, తేలీ తేలనట్టుగానో ఉంటుంది. వాటిని పట్టేది ట్రోపోనినే. మీ బావగారిది ఏ రకమో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

లంకరైతు | రాత్రి 11.50

చెప్పలేరు. అదే నేనూ అంటున్నాను. రోలు ఉండుంటే చెప్పేవారు.

మోడరేటర్ | మంగళవారం ఉదయం 7.00

ఓటింగ్ ఆదివారం రాత్రి వరకు. మూడు ఐచ్ఛికాలు పెట్టాను. 1) మొత్తం ఈసీజీకి, మూడేళ్ళ రోలు ఖర్చు, సిస్టర్లకు ట్రైనింగుతో సహా. 2) మొత్తం స్కాలర్‌షిప్‌కి. 3) ఒక స్కాలర్‌షిప్, మిగతాది ఈసీజీకి. కమిటీ నియమం ప్రకారం నిధికి చందా ఇచ్చినవారికే ఓటు.

లంకరైతు | ఉదయం 7.08

అంటే ఇక్కడ ఉండి చచ్చేవాళ్ళకి ఓటు లేదు.

డాలస్‌గోదారోడు | ఉదయం 7.30

ఐదొందలు ఇచ్చినా చందాయే. కట్టి ఓటెయ్యండి. మూడో దానికి నా ఓటు, మీకు నచ్చినా నచ్చకపోయినా.

లంకరైతు | ఉదయం 7.41

మా చెల్లి పేరున కడతాను. ఓటు అదే వేస్తుంది. ఎవరికీ ఫోన్ చేయదు.

రక్తపుచుక్క | ఉదయం 7.44

ట్రైనింగ్‌కి నేనొస్తాను. జీతం అక్కర్లేదు, ఆదివారాలు ఖాళీయే. కార్డు ఎప్పుడు వెయ్యకూడదో ముందు చెప్తాను.

ఏరియేటర్ | ఉదయం 8.15

ఓటింగ్ అయ్యేదాకా ఎందుకు? ఆ పాత మిషనుకి ఏ సైజు రోలు పడుతుందో చెప్పండి. 80 మిల్లీమీటర్లదైతే కాకినాడలో సర్జికల్ షాపులో దొరుకుతుంది. రేపు మేత లోడుకి వెళ్తున్నాను, రెండు తెచ్చేస్తా.

లంకరైతు | ఉదయం 8.19

తేవయ్యా, డబ్బు నేనిస్తాను. కానీ సిస్టర్‌కి ట్రాన్స్‌ఫరయ్యిందట. మిషను వైరు బీరువాలో పెట్టింది, ఆ తాళం ఎవరి దగ్గరుందో ముందు కనుక్కో.